ఇన్నమ్మ పెట్టెకు ఏసిన తాళం

ఏందమ్మా అది, కొత్త డబ్బానా? ఇటు తే, జూస్త. నా కళ్లద్దాలేడ పెట్టిన్నో... ఆఁ, ఆ కిటికీల కళ్లద్దాల డబ్బా ఉంది జూడు, అది అందుకో. మెల్లగ, మెల్లగ. నువ్వు తెరవకు, నేనే తీస్త. అండ్ల ఒక చిన్న తాళంచెవి ఉంటది, అది జారిపడితే ఈ వయసుల మంచం కింద నేను పాకులాడాలె. ఆ, ఇప్పుడు కనబడుతుంది. తెల్ల డబ్బా, ఎర్ర ప్లస్సు గుర్తు. మంచిగనే ఉంది ఆరాధనా. ఖమ్మంల తెచ్చినవా? పొద్దుగాల మైకుల గోదారి నలభై మూడడుగులు దాటిందని చెప్పిండ్రు గదా, గందుకే సర్దుతున్నవ్. సర్దాలె, సర్దాలె. మొదటి హెచ్చరికకు సర్దినోడే మూడో హెచ్చరికకు నిమ్మళంగ నడిచిపోతడు. ఏందిది, దీనికి తాళం గూడ ఉందా? రెండు చెవులిచ్చిండా? అవ్, పిల్లగాడు పాకుతున్నడు, దొరికిందల్ల నోట్ల పెట్టుకుంటడు, నువ్వన్నది నిజమే. నేను కాదంటలేను. కాని జర ఆగు, తాళం ఇప్పుడే పెట్టకు. వాడు నిద్రబోతున్నడు గదా, నువ్వు కూసో. ఆ గోలీలన్నీ ఇట్ల చాప మీద పర్సు. పని పనే, ముచ్చట ముచ్చటే.

మందుల పెట్టె ముచ్చటంటే మీ నాయనమ్మ ముచ్చటే. నీకు యాదికుండదులే. ఆమె పోయిన నాటికి నీకు రెండేండ్లు గూడ నిండలె. ఫోటోల జూసిన ఇన్నమ్మ వేరు, అసలు ఇన్నమ్మ వేరు. ఫోటోల బిర్రుగ కూసుంది, ఎవరో తిట్టినట్టు. అసలు మనిషి ఒక్కకాడ కూసునేదా? పొట్టి మనిషి, నడిస్తే ఉరికినట్టే ఉండేది. పెండ్లికి ముందు, పెండ్లయినంక గూడ కొన్నేండ్లు, మిషన్ దవాఖానల ఆయాగ జేసింది. పక్క గుడ్డలు మార్చుడు, సూదులు ఉడకబెట్టుడు, కట్లు కట్టేకాడ దీపం పట్టుకొని నిలబడుడు. అట్ల నిలబడి నిలబడి అన్నీ నేర్చుకుంది. ఆ దవాఖాన మూతబడ్డనాడు అక్కడి పెద్ద నర్సమ్మ ఈమెకొక రేకుపెట్టె ఇచ్చింది, ఇంత పొడుగు, ఇంత ఎత్తు, పైన గొళ్లెం. వేరేటోళ్లయితే అండ్ల బంగారమో పట్టుచీరో పెట్టుకుందురు. ఈమె దూది పెట్టింది.

నేను నవ్విన. ఎందుకు నవ్వినవంటే, నాకు తెల్సిన మందుల పెట్టె ఇంకోటి ఉండె గాబట్టి. చెప్తా విను. నేను ముప్పై ఏండ్లు లారీ నడిపిన గదా, లారీకి ఏడాదికోసారి ఫిట్‌నెస్ చూపియ్యాలె. లైట్లు, హారను, బ్రేకులు, దాంతోపాటు ప్రథమ చికిత్స పెట్టె. గా పెట్టె ఎవని లారీల ఉంటది? ఎవనికీ ఉండదు. అందుకని మేం పదిమంది డ్రైవర్లం గలిసి ఒక్కటే పెట్టె కొన్నం. మోతీలాల్ అని తండా మనిషి ఒకడుండె, నా దోస్తు, దాన్ని వాని దగ్గర పెట్టినం. ఎవని బండి ఫిట్‌నెస్‌కు పోతే వాడు పెట్టె అడుక్కపోయి సీటు ఎనక పెట్టుకునేది, పనైనంక తెచ్చి మల్ల మోతీలాల్‌కు ఇచ్చేది. పన్నెండేండ్లు తిరిగింది తల్లీ ఆ పెట్టె. మీది ప్లాస్టిక్ కవరు గూడ చింపలె. ఒకరోజు కిన్నెరసాని కాడ జాకీ జారి మోతీలాల్ చెయ్యే నలిగింది. నెత్తురు కారుతుంది. పెట్టె వాని బండ్లనే ఉంది. "ఇప్పురా" అన్న నేను. వాడేమన్నడో తెల్సా? "వద్దు యోనా, ఎల్లుండి ఇంకో బండి ఫిట్‌నెస్ ఉంది, ఇది ఇప్పితే ఎట్ల?" అన్నడు. తువ్వాల చుట్టుకొని, ఒంటిచేత్తోటి స్టీరింగు పట్టి ఇంటికొచ్చిండు. నవ్వుతున్నవా? మేం గూడ నవ్వినం. ఏండ్లకేండ్లు చెప్పుకొని నవ్వినం. నవ్వే ముచ్చటనే అనుకున్న అప్పుడు.

ఏడ ఆపిన? ఆఁ, ఇన్నమ్మ పెట్టె. దానికొక పద్ధతుండె. ప్రతి నెల మొదటి ఆదివారం, చర్చిల ప్రభువు బల్ల, ఆ రొట్టె, రసం తీసుకొని ఇంటికొచ్చినంక, అన్నం గూడ వండకముందు, గిట్లనే చాప పర్సి పెట్టెలున్నయన్నీ తీసి పెట్టేది. దూది, గాజుగుడ్డ, కట్టు గుడ్డలు, కత్తెర, జరం గోలీలు, ఆ ఓఆర్ఎస్ ప్యాకెట్లు, డెటాల్ సీస, థర్మామీటరు, టార్చిలైటు, అగ్గిపెట్టె. అగ్గిపెట్టెకు ప్లాస్టిక్ కవరు చుట్టేది, మన ఊర్ల వానలకు మెత్తబడతదని. టార్చిలైటుల సెల్లులు తీసి పక్కన పెట్టేది, లోపలుంటే కారుతయని. అవ్, సెల్లులు వేరేగ పెట్టు నువ్వు గూడ. ఆమెకు ఇంగ్లీషు రాదు గదా, మందుల షాపాయనతోటి తారీఖు చదివిచ్చుకొని దారం కట్టేది. మింగేటియ్యి తెల్లదారం, మీద పూసేటియ్యి ఎర్రదారం. ఆ దారానికి ముళ్లు. ఒక ముడి ఉంటే ఈస్టర్ దాక పనికొస్తది, రెండు ముళ్లయితే క్రిస్మస్ దాక. పండుగ దాటితే ఆ గోలీలు పొయిల పడేసేది. "పాతబడ్డ గోలీ, పాతబడ్డ పగ, ఇంట్ల ఉంచుకోవద్దు" అనేది. పగ ముచ్చట నన్ను జూసే అనేది, అది వేరే.

ఆ పెట్టె ఎన్నడన్న నిండుగుండెనా? ఉండకపోయేది. మన గల్లీల ఎవరికి దెబ్బ తగిలినా, ఎవరి పిల్లకు జరమొచ్చినా మన ఇంటికే వచ్చేది. ఆమె కట్టు కట్టేది, జర నెమ్మదైనంక "ఇగ దవాఖానకు పో, నేను డాక్టర్‌ను కాదు, దారిల పానం నిలబెట్టేదాన్ని" అని పంపేది. పామంటే మాత్రం పెట్టె ముట్టకపోయేది. "కొయ్యకు, నోటితోటి పీల్చకు, బిగ్గ కట్టకు, నడవనియ్యకు, జల్దీ ఆటో పిల్వు" అంతే. తీసుకపోయినోళ్లకు ఒకటే మాట చెప్పేది, తీసినోళ్లు పెట్టాలె అని. గోలీ తీసుకుంటే గోలీ, దూది తీసుకుంటే దూది. లేనోళ్లు ఏముంటే అది. దస్రు అని పర్ణశాల దిక్కు అడివిల మనిషి, ఇప్పపూలు అమ్మేటందుకు వచ్చేవాడు. వానికి ఒకపారి గొడ్డలి జారి పిక్క తెగితే ఈమె అదిమిపట్టి కట్టి, నా లారీల కూసోబెట్టి దవాఖానకు పంపింది. రెండు నెలలైనంక వచ్చిండు, సీసాడు తేనె పట్టుకొని. "నీ పెట్టెల గుడ్డ తగ్గింది గదమ్మా" అన్నడు. ఆ తేనెసీస తీస్కపోయి దూది పక్కన పెట్టింది! నేను రొట్టెకు పూసుకుంటనంటే ఇయ్యలె. "అది దస్రు కాలు" అన్నది.

నాకు మండేది. నిజం చెప్తున్న. నా ఇల్లు, నేను లారీ తోలి తెచ్చిన సొమ్ము, నా ఇంట్ల అవసరానికి జూస్తే పెట్టెల సగం ఉండకపోయేది. నాకప్పుడు సమజ్ గాలె. నిండుగుంటే గది పెట్టె అనుకునేటోన్ని నేను. లారీ బుద్ధి.

ఇగ రెండువేల ఆరు, ఎండాకాలం. మీ నాయన సుకుమారూ మీ అమ్మా ఖమ్మంల కోచింగు కాలేజీ హాస్టల్ల పనిజేస్తుండె, నువ్వు మా కాడ. ఒకరోజు మిట్టమధ్యాహ్నం నీ ఒళ్లు కాలిపోతుంది. ఆమె కుళాయి కాడికి పోయింది, నేనొక్కన్నే ఉన్న. పెట్టె తెరిచిన. జరం మందు సీస లేదు. థర్మామీటరు లేదు. దూది ఇంత ముద్ద. ఇరవై టన్నుల లోడు తోటి ఘాట్ దిగినోన్ని, చేతుల పసిపిల్లను పట్టుకొని పెట్టెకూ గడపకూ నడుమ తిరిగిన. అంతల ఆమె బిందె పెట్టుకొని రానే వచ్చింది. నిన్ను జూసింది, బిందెల నీళ్లతోటే గుడ్డ తడిపి ఒళ్లు తుడుసుడు మొదలుపెట్టింది. "ఖమరున్నీసా, ఆ సీస పట్రా" అని ఒక కేక ఏసింది. మన ఫజల్ పెండ్లాం ఖమరున్నీసా, నాలుగిండ్ల అవతల, వాళ్ల నజియాకు జరమొస్తే పొద్దుగాల తీస్కపోయిందట. ఐదు నిమిషాల్ల సీస వచ్చింది. మందు ఏసినం. పొద్దుగూకేసరికి నువ్వు లేచి పిల్లి తోక పట్టుకొని గుంజుతున్నవ్. అంతే, ఐదు నిమిషాలు. దానికి ఇంట్ల పెద్ద లొల్లి జేసిన. "ఊరందరికీ తల్లివి, నా మనవరాలికి మాత్రం మందు లేదు" అన్న. ఇంకా ఏమేమో అన్న. ఆమె ఒక్క మాట గూడ తిరిగి అనలె. అంటే నాకు జర నిమ్మళమయ్యేది.

మల్ల వారం ఖమ్మం పోయిన, మందుల షాపుల నిలబడి ఏముండాల్నో చీటీ రాయిచ్చుకొని అన్నీ రెండేసి తెచ్చిన. పెట్టె మూత పట్టకుండ నింపిన. తాళం ఎవరికాడ కొన్ననుకున్నవ్? ఫజల్ కాడనే. బస్టాండు కాడ గోనెసంచి పర్సుకొని తాళాలు, గొడుగులు, స్టవ్‌లు బాగుజేసేటోడు ఫజల్. ఆయన చేతుల పడితే ఎంత మొండి తాళమైనా అర నిమిషం. చిన్న ఇత్తడి తాళం ఇచ్చిండు, రెండు చెవులు. ఎందుకని అడిగిండు. చెప్పిన. ఇన్నమ్మను చెల్లె అనేటోడాయన. "యోనా భాయ్, ఒక చెవి చెల్లె కాడ పెట్టు" అన్నడు. నేను రెండు చెవులూ లారీ చెవుల రింగుకే ఏసుకున్న. ఇంటికొచ్చి ఆమె ముందే తాళం ఏసి, "అవసరముంటే నన్నడుగు, నేనే తీసిస్త" అన్న. అప్పుడు నవ్వింది ఇన్నమ్మ. "వారంల నాలుగు దినాలు రోడ్డు మీదుంటవ్. దెబ్బ నీ డ్యూటీ జూసుకొని తగుల్తదా?" అన్నది. అంతే అన్నది. మల్ల ఆ తాళం ముచ్చట ఎత్తలె. నేను గెలిచిన్ననుకున్న.

లేదు, నీ మీదికి తోస్తలేను, తప్పు తీస్కోకు. నీకు జరమొచ్చుడు నీ తప్పా? నీ పేరు జెప్పి నా కోపం తీర్చుకున్న, గంతే. మంచినీళ్లు జర ఇటియ్యి.

ఆగస్టుల గోదారి లేచింది. ఊరోళ్లంత ఎనభై ఆరు వరద ముచ్చట్లు జెప్తుండ్రు, మన గోడ మీద అప్పటి నీళ్ల గీత ఇంకా ఉండె. మొదటి హెచ్చరిక ఇచ్చిన పొద్దున్నే గోదాము సేటు కబురు పెట్టిండు, మిరప బస్తాలు తడుస్తయి, ఖమ్మం కోల్డు స్టోరేజికి చేర్చు అని. "పోనా?" అని అడిగిన ఆమెను. "పో, రేపు మాపటికి వస్తవ్ గదా" అన్నది. నేను లోడు కట్టుకొని పోయిన. చెవుల రింగు నాతోటే పోయింది. ఆమె అడగలె, నాకు యాదికి రాలె. యాదికి రాలె అంటున్న గాని బిడ్డా... గడప దాటేటప్పుడు ఒకసారి పెట్టె దిక్కు జూసిన. యాదికొచ్చింది. ఒక్కరోజే గదా అనుకున్న.

ఒక్కరోజు ఆరు రోజులైంది. ఖమ్మంల బస్తాలు దింపి మల్లొస్తుంటే పాల్వంచ కాడ ఆపిండ్రు. అవతల రోడ్డు మీద నీళ్లు. లారీలు, బస్సులు, మనుషులు, అందరం అక్కడనే. ఫోను బూతు కాడ లైను కట్టి ఫజల్ ఇంటికి కొడితే మోగదు. రేడియోల అడుగులు చెప్తుంటరు, యాభై మూడు, అరవై, అరవై దాటె. ఎక్కే ప్రతి అడుగుకు మన ఇల్లు ఎంత మునిగిందో లెక్కగట్టుకునుడు. గడప, కిటికీ, కిటికీ మీద అల్మార. నేను లారీ కింద పండుకొని ఒక్కటే అనుకున్న, నయం, పెట్టె నిండుగ ఉంది అని. నమ్ముతవా? ధైర్యంగ అనుకున్న.

ఇగ ఇదంత ఫజల్ చెప్పిండు నాకు, తర్వాత. నీళ్లు గల్లీలకు రాంగనే అందర్నీ ఎత్తు మీదున్న బడికి పొమ్మన్నరు. జనం టీవీలెత్తుకుండ్రు, బియ్యం ఎత్తుకుండ్రు. ఇన్నమ్మ నిన్ను చంకకెత్తుకుంది, ఆ పెట్టె నెత్తిన పెట్టుకుంది. తాళమున్న పెట్టె! గిన్నె గూడ తెచ్చుకోలె. మోకాలి లోతు నీళ్లల్ల నడుస్తుంటే కింద ఏదో కోసుకుంది, రేకు ముక్కనో, సీస పెంకో. బడికాడ మెట్లెక్కినంక ఫజల్ జూసిండట, అడుగు పెట్టినకాడల్ల ఎర్రగ. "చెల్లె, కాలు" అన్నడు. "అవ్ అన్నా, జూస్త" అన్నది. చీర కొంగు చింపి చుట్టుకుంది. ఆమెకు షుగరుండె. నీకు చెప్పలె గదా, ఉండె. వేరేటోళ్ల కాలైతే ఎంత అల్లరి జేసేదో, సబ్బుతోటి కడుగు, మంచినీళ్లు పొయ్యి, దవాఖానకు పో అని. 

బడిల రెండువందల మంది. రెండోదినం నుంచి పిల్లలకు విరేచనాలు. నీకూ పట్టుకున్నయ్. సర్కారోళ్ల పడవ ఇంకా రాలె. ఈమె ఎవరికాడనో చక్కెర అడిగింది, ఎవరికాడనో ఉప్పడిగింది, బడి వంటపొయ్యి మీద నీళ్లు మసలబెట్టిచ్చింది. లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, గీసి కొలుసుడు, కుప్ప పోసుడు కాదు. చల్లారినంక గుక్కెడు గుక్కెడు తాగిచ్చింది, నీకు, నజియాకు, ఇంకో పదిమందికి. తల్లులను వరుసగ కూసోబెట్టి చెంచాలు చేతికిచ్చింది. రాసుకో అమ్మా అది, డబ్బా మూతకు లోపల అతికియ్యి. ఫోను నంబర్లు గూడ. ఫోను మునిగితే నంబర్లు గూడ మునుగుతయ్.

అప్పుడన్నడట ఫజల్. జేబుల తీగముక్క ఎప్పుడూ ఉంటది ఆయనకు. "చెల్లె, ఆ తాళం నేను ఇచ్చిందే. అర నిమిషం. లోపల ఏమన్న ఉంటే నీ కాలుకన్న పెట్టుకో" అన్నడు. ఆమె పెట్టె మీద చెయ్యి పెట్టి, "తీసుడు పెద్ద పని కాదన్నా. తీసినంక ఆయన మొఖం జూసుడు పెద్ద పని" అన్నదట. ఖమరున్నీసా ఒప్పుకోలె, కోపం జేసింది. దానికి ఈమె, "పిల్లల పానం మీదికొస్తే నేనే రాయి తీస్కొని పగలగొడ్త, ఎవర్నీ అడుగ. ఒక్క నా కాలుకు వద్దు. ఆయనొస్తడు, ఆయనే తీస్తడు" అన్నది. ఆ పెట్టెనే తలకింద పెట్టుకొని పండుకునేది. నాలుగోదినం పడవల డాక్టరమ్మ వచ్చింది. ఈమె పిల్లలందర్నీ, ముసలోళ్లందర్నీ ముందు పంపి, తను చీర కింద కాలు దాచుకొని కూసుంది. అప్పటికే చలిజరం. పడవ పోయినంక తెలిసింది ఖమరున్నీసాకు.

ఆరోదినం నేనొచ్చిన. కొంత దూరం లారీ, కొంత ట్రాక్టరు, కొంత నడక. బడి వరండల నువ్వు కనబడ్డవ్, చేతుల చెంచా పట్టుకొని ఎవరికో తాగిపిస్తున్నవ్, ఆటకు. ఆమె గోడకు ఒరిగి కూసుంది. నన్ను జూసి, "వచ్చినవా, పిల్ల మంచిగుంది" అన్నది. అదే ముందు మాట. తర్వాత కాలు చూపించింది. నేను రింగు తీసిన, లారీ చెవుల నడుమ ఆ చిన్న చెవి దొరకది. ఫజల్ పక్కనే నిలబడ్డడు గాని ముట్టలె. తాళం తీసిన. మూత ఎత్తిన.

అన్నీ ఉన్నయ్ బిడ్డా. రెండు డెటాల్ సీసలు. రెండు దూది కట్టలు, కవరు గూడ చింపనియ్యి. పది ఓఆర్ఎస్ ప్యాకెట్లు. గాజుగుడ్డ. తెల్లదారం, ఎర్రదారం, ముళ్లు. ముళ్లు ఆమె కట్టినయే, నేను ఇంట్ల ఉన్న ఆదివారం తీసిస్తే కూసోని కట్టింది. ఒక్కటి తక్కువ లేదు. నిండుగున్నది. నాకు మోతీలాల్ యాదికొచ్చిండు, ఆ తువ్వాల చుట్టుకున్న చెయ్యి. మల్లెన్నడూ ఆ ముచ్చట జెప్పి నవ్వలె నేను.

భద్రాచలం దవాఖాన, ఆడికెళ్లి ఖమ్మం. వాళ్లు చెయ్యాల్సిందంత చేసిండ్రు, మాట అనొద్దు. ముందు ఒక వేలు తీసిండ్రు, మల్ల పాదం అన్నరు. విషం నెత్తుట్లకు ఎక్కింది. ఇరవై రెండో దినం పోయింది. నడుమ ఒకసారి మంచిగ మాట్లాడింది. నేను అడిగిన, ఎందుకు తీయలె ఇన్నమ్మా, ఫజల్ తీస్తనన్నడు గదా అని. నా చెయ్యి పట్టుకొని, పిల్ల ఏడుందని అడిగింది. నా మాట మీద గౌరవంతోటి తీయలెనా, నా మీద కోపంతోటి తీయలెనా? ఇన్నేండ్లు ఆలోచిస్తనే ఉన్న. ఒకనాడు ఇట్లనిపిస్తది, ఒకనాడు అట్లనిపిస్తది. ఇంకొకటి గూడ అనిపిస్తది, ఆ లొల్లినాడు నేనన్న మాటకు ఆమె ఇచ్చిన జవాబే అదేమో అని. ఊరందరికీ తల్లివి అన్న గదా. ఆ పెట్టె తనది కాదు, నాది అనుకుందేమో. నాది నేనే తెరవాలె అనుకుందేమో. పాస్టరుగారు సమాధి కాడ దేవుని పిలుపు అన్నడు. అందరూ ఆమెన్ అన్నరు. నేను గూడ అన్న. మీ నాయనకు గూడ ఇంతవరకు నేను చెప్పలె, వరదల కాలు కోసుకుంది, షుగరుండె, అంతే తెల్సు వానికి.

ఇదంత ఎందుకు చెప్పిన? ఆఁ, తాళం. చూడు, ఆ పై అరల పెట్టు డబ్బా. ఇంకా పైకి కాదు, నీకు పీట ఎక్కకుండ అందాలె. పిల్లగానికి అందొద్దు, పెద్దోళ్లందరికీ అందాలె. పక్కింటోళ్లకు గూడ ఏడుందో తెల్వాలె. నెలకొకసారి చాప మీద పర్సు. సగం అయిపోతే అయిపోనియ్యి, మల్ల తెచ్చుకుందం. ఆ తాళం ఇటు తే, నా కాడ ఉండని. దాని చెవులు గూడ. రెండూ.

నా కళ్లద్దాల డబ్బాలది ఏం చెవి అంటవా. చిన్నప్పుడు గూడ అడిగేదానివి, గుర్తుందా, నా ఒళ్లె కూసోని డబ్బా ఇప్పి దాంతోటి ఆడుకునేదానివి. లారీది అని చెప్పేది నేను. లారీది కాదు బిడ్డా. రెండు చెవులుండె గదా. ఒకటి ఆమెను సమాధి పెట్టెల పడుకోబెట్టినంక, మూత ఏసేముందు, ఆమె చేతి కింద పెట్టిన. ఎవరూ జూడలె. ఎండకాలంల ఇయ్యాల్సిన చెవి. ఇగ ఇది రెండోది.

వాడు లేచినట్టున్నడు జూడు. పో, ఎత్తుకో ముందు.